యజమాని ఊరెళ్లినా సాంబారు మారకూడదు: చిన్న వ్యాపారం నడిపే అలవాట్లు, అడుగడుగునా

పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని, ఎడమచేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని "ఖాళీ సిలిండర్ ఆటోలో వేసి పంపు, నేను వాళ్లకి చెప్తా" అంటున్న మనిషిని మీరు చూసే ఉంటారు. ఆయనకి ఎక్కడో ఒక చిన్న వ్యాపారం ఉంది. ఎనిమిది మంది పనిచేస్తారు, ఆలోచించేది మాత్రం ఆయన ఒక్కడే. "నేను లేకపోతే అక్కడ పూట గడవదు" అని ఇలాంటివాళ్లు కాస్త గొప్పగానే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే, బ్యాంకువాళ్లు ఆయనకి అప్పు ఏ ధైర్యంతో ఇచ్చారా అనిపిస్తుంది. ఒక్క మనిషికి జ్వరం వస్తే మూతపడే వ్యాపారం అది.

యజమాని తలలో ఉన్నదాన్ని బయటికి తీసి షాపు అలవాటుగా ఎలా మార్చాలో ఇక్కడ చెప్పబోతున్నాను. ఉదాహరణకి ఎనిమిది పది మందితో నడిచే టిఫిన్ సెంటర్‌ని తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ వ్యాపారంలో తప్పు దాచుకోవడానికి టైమ్ ఉండదు. రాత్రి పిండి విషయంలో పొరపాటు జరిగితే పొద్దున ఆరింటికే ఇడ్లీ చెప్పేస్తుంది. ఫ్యాన్సీ షాపు, మెకానిక్ షెడ్డు, టైలరింగ్ యూనిట్ నడిపేవాళ్లు సరుకు పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు.

మొదటి అడుగు: వారం పాటు ప్రశ్నలు రాసుకోండి

ఏదీ మార్చకండి. ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకుని, మీ దగ్గర పనిచేసేవాళ్లు ఎదురుగా గానీ ఫోన్లో గానీ మిమ్మల్ని ఏం అడిగినా రాసుకోండి. ఎవరు, ఎన్నింటికి, ఏం అడిగారు. అంతే.

వారం తర్వాత చూస్తే అవి మూడు రకాలుగా విడిపోతాయి. తెలియక అడిగేవి కొన్ని: "రేపటికి మినప్పప్పు ఎంత నానబెట్టాలి?", "కాలేజీ వాళ్ల పార్సిళ్లు ఎన్ని?" సమాధానం తెలిసినా, మీరు తిడతారేమోనని అడిగేవి ఇంకొన్ని: "దోసె మాడిందంటున్నారు, ఇంకోటి వెయ్యనా?" నిజంగా మీరే తేల్చాల్సినవి మిగిలినవి: మాస్టర్ జీతం పెంచమంటున్నాడు, బిల్డింగ్ ఓనర్ అద్దె పెంచుతానంటున్నాడు.

మూడో రకం చాలా తక్కువ ఉంటాయి. మొదటి రకానికి గోడమీద ఒక కాగితం సరిపోతుంది. రెండో రకం మాత్రం మీ నోటి వల్ల పుట్టినవి. ఎప్పుడో ఒకరోజు సప్లయర్ కుర్రాడు సొంతంగా ఒక ప్లేటు మార్చి ఇచ్చినందుకు అందరి ముందూ గట్టిగా అరిచి ఉంటారు. ఆ రోజు నుంచి పది రూపాయల పనికి కూడా మిమ్మల్నే అడుగుతున్నారు.

రెండో అడుగు: చేతి కొలతని తూకంలోకి దించండి

ఇడ్లీ పిండికి మినప్పప్పు ఒక పాలు, రవ్వ రెండు పాళ్లు అని అందరికీ తెలుసు. కానీ ఏ డబ్బాతో? అంచుకి సమంగానా, పైకి పోసినట్టుగానా? రుబ్బేటప్పుడు నీళ్లెన్ని? అవన్నీ మాస్టర్ చేతికే తెలుసు. ఆయన నాగా పెట్టిన రోజు మీ షాపు రుచి కూడా నాగా పెడుతుంది.

"కొలతలు చెప్పు, రాసుకుంటా" అని నేరుగా అడిగితే పని జరగదు. ఆ చెయ్యే ఆయన బతుకుతెరువు. అది మీ పుస్తకంలోకి ఎక్కితే రేపు తక్కువ జీతానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటారని ఆయన భయం, ఊళ్లో అలా చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేం. అందుకే ముందు మాట ఇవ్వండి: కొత్తవాళ్లకి నేర్పే బాధ్యత మీదే మాస్టర్ గారూ, దానికి నెలకి ఇంత అదనం. ఇచ్చిన మాట మొదటి నెల నుంచే నిలబెట్టుకోండి.

తర్వాత పని ఇలా చేయండి. సాంబారుకి ఉప్పు, కారం, చింతపండు, పొడి ఎప్పట్లాగే ఆయన్ని చేత్తోనే తియ్యనివ్వండి. గుండిగలో వేసేముందు ఒక పళ్లెంలో పెట్టమనండి. మీరు ఆ పళ్లెం తూచి అంకె రాసుకుని తిరిగి ఇచ్చేయండి. ఒక్క మాట కూడా అనొద్దు. వారం గడిచేసరికి ఒకే గుండిగకి ఒకరోజు 320 గ్రాముల ఉప్పు పడితే ఇంకోరోజు 380 పడినట్టు కనిపించవచ్చు. అప్పుడు ఆయన్నే అడగండి: "ఈ వారంలో మీకు బాగా కుదిరింది ఏ రోజుది?" ఆ రోజు అంకెలే గోడమీదికి ఎక్కుతాయి. కొలత ఆయనదే, ఎంచుకున్నదీ ఆయనే, కాబట్టి తర్వాత దాన్ని కాపాడేది కూడా ఆయనే.

పిండికి మాత్రం ఒకే అంకె ఏడాదంతా పనికిరాదు. ఎండాకాలంలో త్వరగా పొంగి పులిసిపోతుంది, డిసెంబరు చలికి పొద్దుటికి కూడా లేవదు. ఎన్నింటికి రుబ్బారో, పొద్దున ఎలా ఉందో రెండు ముక్కలు రోజూ ఒక పుస్తకంలో రాయించండి. ఒక చలికాలం గడిస్తే మీ షాపుకి సొంత పట్టిక తయారవుతుంది.

అందులోనే ఇంకో గడి కూడా పెట్టండి, నా దృష్టిలో ఆ పుస్తకం మొత్తంలో విలువైనది ఇదే: ఏ ఐటమ్ ఎన్నింటికి అయిపోయింది. చాలామంది ఎన్ని అమ్ముడయ్యాయో రాసుకుంటారు. వడ రోజూ 120 అమ్ముతోందంటే బాగుందనుకుంటారు. కానీ ఆ 120 ఎనిమిదిన్నరకే అయిపోతుంటే, తొమ్మిదింటికి వచ్చి "వడ లేదా?" అని వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా ఉండరు. అమ్మకం పుస్తకం వచ్చినవాళ్ల గురించే చెప్తుంది, తిరిగి వెళ్లినవాళ్ల గురించి ఈ గడి చెప్తుంది. అలాగే మిగిలింది ఎంతో కూడా రాయండి. రెండూ పక్కపక్కన ఉంటే, సంక్రాంతి వారంలో ఊరు ఖాళీ అయినప్పుడు ఎంత తగ్గించాలి, ఆదివారం ఎంత పెంచాలి అన్నది మిమ్మల్ని అడగకుండానే మాస్టర్ చెప్పగలడు.

గ్యాస్‌కి ఇంత హంగామా అక్కర్లేదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తగిలించినప్పుడు దానిమీదే సుద్దముక్కతో తేదీ రాయండి. నెలలో మీకు ఒక సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందో తేలిపోతుంది. (ఇంటి సిలిండర్ హోటల్లో వాడటం నేరం. "అందరూ వాడుతున్నారు కదా" అనేది తనిఖీకి వచ్చినవాళ్ల ముందు పనిచేయదు.)

మూడో అడుగు: గల్లాపెట్టెకి మీరే మొదటి కస్టమర్ కావద్దు

చిన్న షాపుల్లో గల్లా నుంచి చీటీ లేకుండా డబ్బు తీసేది ఎక్కువగా యజమానే. పిల్లాడి ట్యూషన్ ఫీజు, ఇంట్లోకి కూరగాయలు, బావమరిదికి చేబదులు, అన్నీ అందులోంచే. రాత్రి లెక్క కలవదు, అనుమానం కౌంటర్‌లో కుర్రాడి మీదికి పోతుంది. మంచి కుర్రాళ్లు షాపు వదిలేసేది చాలాసార్లు ఇక్కడే.

మీకూ ఒక జీతం పెట్టుకోండి. మిగతావాళ్ల జీతాలతో పాటే అదే తేదీన తీసుకోండి. మధ్యలో అవసరమైతే మీరు కూడా చీటీ రాసి గల్లాలో వేయండి, పేరు, మొత్తం, తేదీతో. యజమాని చీటీ రాయడం ఒక్కసారి చూస్తే చాలు, ఇంకెవరికీ చీటీ గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

షాపు కట్టేసేటప్పుడు రోజూ ఈ లెక్క: పొద్దున గల్లాలో పెట్టిన చిల్లర, దానికి నగదు అమ్మకం కలిపి, చీటీల మొత్తం తీసేస్తే చేతిలో ఉన్న నగదు రావాలి. యూపీఐ మొత్తం వేరే గడిలో. పాతకాలం షావుకార్లు చిట్టా రాయకుండా దీపం ఆర్పేవాళ్లు కాదు, ఆ పద్ధతి ఫోన్లో యాప్ వచ్చినా మారలేదు. యాభై రూపాయలు తేడా వస్తే "తేడా 50" అని రాసి వదిలేయండి. రోజూ ఒకే వైపు తేడా వస్తుంటే అప్పుడు కూర్చోండి.

క్యూఆర్ కోడ్ షాపు పేరుమీద ఉన్న కరెంట్ అకౌంట్‌కే ఉండాలి. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు, ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ ఒకే ఖాతాలో కలిపినవాళ్లకి ఏది ఏదో విడదీసి చూపించడమే పెద్ద టెన్షన్ అయింది. హోటల్ వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షల టర్నోవర్. అంటే రోజుకి సుమారు 5,500 రూపాయల గిరాకీ. ఒక మోస్తరు టిఫిన్ సెంటర్ ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల మీద పన్ను 2022 జనవరి 1 నుంచి ఆ కంపెనీలే కడుతున్నాయి, అయినా ఆ అమ్మకం మీ టర్నోవర్‌లోకే వస్తుంది.

ఇప్పుడు అసలు అంకె. రోజుకి ఎంత అమ్మితే నష్టం లేకుండా గట్టెక్కుతారో మీకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ఉదాహరణకి నెలకి అద్దె 30,000, జీతాలు 1,50,000, కరెంటు 12,000, అప్పు వాయిదా 18,000, మీ జీతం 30,000 అనుకుందాం. మొత్తం 2,40,000. ముప్పై రోజులూ తెరిస్తే రోజుకి 8,000. కానీ 8,000 అమ్మితే సరిపోదు. ప్రతి వంద రూపాయల అమ్మకంలో సరుకుకి, గ్యాస్‌కి, పార్సిల్ కవర్లకి 45 పోతే మీ చేతిలో మిగిలేది 55. కాబట్టి 8,000ని 0.55తో భాగించాలి: సుమారు 14,500. వారానికి ఒకరోజు షాపు కట్టేసి 26 రోజులే తెరిస్తే అదే అంకె దాదాపు 16,800 అవుతుంది. సెలవు ఇవ్వొద్దని కాదు, ఆ సెలవు ఖరీదు తెలిసి ఇవ్వాలి.

ఈ అంకె కౌంటర్ చూసే మనిషికి కూడా చెప్పండి. చాలామంది యజమానులు చెప్పరు, "మన లాభం తెలిసిపోతుంది" అని. రోజంతా గల్లా ముందు కూర్చునే మనిషి ఎలాగూ లాభం గురించి ఏదో ఒకటి ఊహించుకుంటాడు, ఆ ఊహ అసలుకంటే ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది.

కొనుగోళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పప్పు, నూనెకి ఇద్దరు వ్యాపారుల దగ్గర ఖాతా ఉంచండి, చెప్పిన రోజున డబ్బు కట్టండి. కూరగాయల ధర అంచనాకి రైతుబజార్ బోర్డు చూస్తే చాలు.

నాలుగో అడుగు: ప్రతి పనికీ రెండో మనిషి

ఒక కాగితం మీద నిలువుగా పనులు రాయండి: దోసె పెనం, ఇడ్లీ, పూరీ, చట్నీలు, సాంబారు, కౌంటర్, పార్సిళ్లు, గిన్నెలు. అడ్డంగా మనుషుల పేర్లు. ఎవరికి ఏది పూర్తిగా వచ్చో అక్కడ టిక్కు పెట్టండి. ఒకే టిక్కు ఉన్న వరుస ఏది కనిపిస్తే అక్కడే మీ వ్యాపారం ప్రమాదంలో ఉంది. సాధారణంగా దోసె పెనం, కౌంటర్, ఈ రెండే.

నేర్పడం ఆదివారం ఎనిమిదింటికి కుదరదు. గిరాకీ పలచబడే రోజు, పదిన్నర తర్వాత, చట్నీ వేసే కుర్రాణ్ణి పెనం దగ్గర నిలబెట్టండి. మొదట్లో అవి సిబ్బంది తినే దోసెలు. చిరిగినా తినేస్తారు, ఏడిపిస్తారు, అదీ మంచిదే. మూడు నాలుగు వారాల్లో పార్సిల్ దోసెలు వేయగలడు, రద్దీ తట్టుకోవడానికి ఇంకా టైమ్ పడుతుంది.

గిన్నెలు తోమే అక్కని ఈ కాగితంలో వదిలేయకండి. చాలా షాపుల్లో చట్నీ రుచి తేడా ముందు పట్టేది ఆవిడే, ప్లేట్లలో ఏం మిగిలి వస్తుందో చూసేది ఆవిడే కాబట్టి. "ఈరోజు అల్లం చట్నీ అంతా వదిలేశారు" అన్న మాట ఏ కస్టమర్ రివ్యూ కంటే ముందే మీకు చేరుతుంది, మీరు అడిగితే.

ఇక అడ్వాన్సులు. ఈ రంగంలో మాస్టర్లు అడ్వాన్స్ తీసుకుని మాయమవడం ఎంత మామూలో, తీర్చేదాకా కదలనివ్వకుండా పట్టుకునే యజమానులు కూడా అంతే మామూలు. రెండూ వద్దు. ఒక నెల జీతం దాటి అడ్వాన్స్ లేదని నియమం పెట్టి, పుస్తకంలో సంతకం తీసుకుని, నెలకి ఎంత పట్టుకుంటారో అప్పుడే రాసుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలి. మానేసినవాళ్లకి, మీరు తీసేసినవాళ్లకి రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. పది మంది, అంతకు మించి ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది: 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి మీ వాటా 3.25 శాతం, వాళ్ల వాటా 0.75 శాతం. వేడి నూనె దగ్గర పనిచేసే మనుషులకి ఇది ఎంత అవసరమో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు.

జీతం తేదీ విషయంలో నేను మొండివాణ్ణి. ఒకటో తేదీ అంటే ఒకటో తేదీ. అడిగించుకుని ఇచ్చిన జీతం ఎంత పెద్దదైనా సగం విలువే.

ఐదో అడుగు: పదకొండింటికి ఒక పది నిమిషాలు

రద్దీ తగ్గి అందరూ ప్లేటు పట్టుకుని కూర్చునే టైమ్ ఒకటి ఉంటుంది. మీటింగ్ అంటూ పేరు పెట్టకుండా మీరూ ఒక ప్లేటు తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చోండి. మూడే అడగండి. ఈరోజు ఏది ముందు అయిపోయింది? ఎవరికి చెయ్యి ఆడలేదు, ఎందుకు? రేపు ఎవరు రారు?

మొదటి వారం ఎవరూ నోరు విప్పరు. "అంతా బాగానే ఉందన్నా" అంటారు. ఎవరో ఒకరు "పార్సిల్ కవర్లు దూరంగా ఉన్నాయి, ప్రతిసారీ లోపలికి పోవాల్సి వస్తోంది" అంటారు. ఆ కవర్లని ఆ మధ్యాహ్నమే దగ్గరికి జరపండి. చెప్పిన మాటకి అదే రోజు ఏదో ఒకటి జరిగితే మర్నాడు ఇంకొకరు చెప్తారు. జరగకపోతే ఆ పది నిమిషాలు మీరు మాట్లాడటానికే మిగులుతాయి.

తిట్టడం ఇక్కడ వద్దు. తప్పు చేసిన మనిషితో విడిగా, అదే రోజు, ఆ ఒక్క తప్పు గురించే మాట్లాడండి. పోయిన దసరాకి చేసింది కూడా కలిపి తవ్వితే అసలు విషయం పోతుంది. "రేయ్" అని పిలిచే అలవాటుంటే కస్టమర్ల ముందైనా మానుకోండి. యజమాని ఎలా పిలిస్తే కస్టమరూ అలాగే పిలుస్తాడు.

ఆరో అడుగు: అడగక్కర్లేని హద్దు చెప్పండి

మొదటి అడుగులో రాసుకున్న రెండో రకం ప్రశ్నలు గుర్తున్నాయా? వాటికి ఇప్పుడు మందు. "చూసి చెయ్" అంటే ఎవరూ ఏమీ చేయరు, అంకె చెప్పాలి. ప్లేటు బాగాలేదంటే సప్లయర్ అడగకుండా మార్చి ఇవ్వొచ్చు. కౌంటర్ మనిషి 500 దాకా రిపేరుకి, సరుకుకి చీటీ రాసి ఇవ్వొచ్చు. నీళ్ల మోటారు ఆగితే ఫలానా ఎలక్ట్రీషియన్‌ని పిలవొచ్చు. అరువు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు, మీ సొంత తమ్ముడైనా సరే.

కాలేజీలకి, కంపెనీలకి నెలవారీ టిఫిన్లు పంపేవాళ్లకి ఒక మాట. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు) ఉచితమే, చేయించుకోండి. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు కట్టాలి. దాటితే వడ్డీ అడిగే హక్కు మీకుంది. బిల్లు మీద ఉద్యం నంబరు వేస్తే అకౌంట్స్ విభాగం కదలిక కాస్త మారుతుంది.

హద్దు పెట్టాక అసలు పరీక్ష మీకే. కౌంటర్ మనిషి 400 పెట్టి మిక్సీ రిపేరు చేయించాడు, మీరైతే 250కి చేయించేవాళ్లు. అప్పుడు మీ మొహం ఎలా పెడతారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. "ఇంకోసారి ఫలానా దగ్గర కనుక్కో, తక్కువకి చేస్తాడు" అంటే హద్దు బతుకుతుంది. "నాకొక ఫోన్ కొట్టొచ్చు కదా" అన్నారంటే రేపటి నుంచి కొడతాడు, మీరు బాత్రూంలో ఉన్నా కొడతాడు.

ఏడో అడుగు: వెళ్లిపోయి చూడండి

ముందు ఒక మంగళవారం పొద్దున షాపు తెరిచే టైమ్‌కి వెళ్లకండి, ఎనిమిదింటికి వెళ్లండి. అది బాగా జరిగితే ఒక రోజంతా. ఆ తర్వాత మూడు రోజులు, మధ్యలో ఒక ఆదివారం ఉండేలా.

ఫోన్లో సీసీటీవీ చూస్తూ "ఆ టేబుల్ తుడవమను" అని కాల్ చేస్తే మీరు ఊరెళ్లినట్టు కాదు. కెమెరా దొంగతనానికి, గొడవలకి పెట్టుకోండి, మనుషుల్ని నడపడానికి కాదు. ఫోన్ ఆన్‌లోనే ఉంచండి, కానీ వచ్చిన ప్రతి కాల్‌నీ మళ్లీ నోట్‌బుక్‌లో రాయండి.

తిరిగొచ్చాక గల్లా కంటే ముందు రెండు చూడండి: ఏది ఎన్నింటికి అయిపోయిందన్న గడి, చీటీల కట్ట. గడి ఖాళీగా ఉంటే రాసే పని ఎవరిదో తేలలేదన్నమాట, ఒకరి పేరు రాయండి. ఫోన్లో రెండుసార్లు వచ్చిన ప్రశ్న ఏదైనా ఉంటే దాని సమాధానం ఆ సాయంత్రమే గోడమీదికి ఎక్కాలి. ఆ మూడు రోజులూ షాపు చూసిన మనిషికి ఆ నెల జీతంతో పాటు కొంత ఎక్కువ ఇవ్వండి, ఎందుకిస్తున్నారో అందరి ముందూ చెప్పి ఇవ్వండి. వచ్చే నెల మీరు లేని తేదీలు ఏవో ఆ మనిషినే ఎంచమనండి.